గంట మోగితే గూట్లోకి

పొదగోడ పైభాగం చదునుగా వచ్చిందో లేదో కంటికి తెలియదు, అరచేతికి తెలుస్తుంది. కత్తెరయ్య ఆకుల్ని నిమిరి, ఆగి, ఎత్తుగా తగిలిన చోట రెండు చేతులా కత్తెర ఆడించి, మళ్ళీ నిమురుతూ పక్కకు జరుగుతున్నాడు. మంచు ఇంకా ఆరలేదు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఒంటికి అంటుకున్నాయి. తెగిన చిగుళ్ళు చెప్పుల మీద, మీసం మీద, చెవుల్లో కూడా పడుతున్నాయి. ఇంటికెళ్ళి ఎంత తోముకున్నా ఆ పచ్చివాసన పోదు. "నీతో కాపురం మేకతో కాపురంలా ఉంది" అని భార్య పెళ్ళయిన నాటినుంచీ దెప్పుతూనే ఉంది. మామూలు రోజుల్లో అయితే ఆ మాట గుర్తొచ్చి తనలో తను నవ్వుకునేవాడు. ఈరోజు నవ్వు రాలేదు. ఈరోజు అతను ఒక పని చేసి తీరాలనుకున్నాడు. దాన్ని తలుచుకున్నప్పుడల్లా కత్తిరించిన చోటే మళ్ళీ కత్తిరిస్తున్నాడు.

చూడటానికి అతనిలో విశేషమేమీ లేదు. బక్కపలచని మనిషి. ఏళ్ళ తరబడి వంగి పనిచేయడంతో మెడ కాస్త ముందుకు సాగింది. బొటనవేళ్ళ మొదట్లో కత్తెర పిడి రాసుకుని చర్మం కాయలు కాసి, గోళ్ళ అంచుల్లో ఆకుపసరు నల్లగా నిలిచిపోయింది. నలుగురిలో నిలబడితే మనుషుల్ని లెక్కపెట్టేవాడు కూడా అతన్ని వదిలేసి పోతాడు. నడుస్తున్నప్పుడు చప్పుడు చెయ్యడు, దగ్గొస్తే తుండులోకి దగ్గుతాడు. ఇవన్నీ పుట్టుకతో వచ్చినవి కావు, ఉద్యోగంతో వచ్చినవి.

పొదగోడల మధ్య తోట, తోట మధ్య కోట. కోట అంటే ఏ రాజో కట్టించింది కాదు. పొలాల మీద పొలాలున్న దొరగారు నడివయసులో ముచ్చటపడి కట్టించుకున్నది. నాలుగు బురుజులు, చుట్టూ కందకం, కందకం మీద గొలుసులతో పైకెత్తే వంతెన. అన్నీ ఉన్నాయి, శత్రువు ఒక్కడే తక్కువ. నీళ్ళు నింపితే దోమలొస్తాయని కందకంలో గడ్డి పెంచారు. ఒక బురుజుకు మేస్త్రీ ద్వారం పెట్టడం మరిచిపోయి వణుకుతూ నిలబడితే, దొరగారు తెగ సంతోషించి మిగతా మూడు బురుజుల ద్వారాలు కూడా మూయించేశారట. మేడమీది కిటికీల్లో సగం నిజమైనవి, సగం గోడమీద రంగుతో వేసినవి. తోట ఇంకా విడ్డూరం. విగ్రహాలన్నీ దారికి వీపు పెట్టి నిలబడి ఉంటాయి. కొలనులో చేపలు వదలనివ్వలేదు. అవి రెప్ప వెయ్యవు కదా, అందుకని.

అసలు విడ్డూరం గంట. దొరగారు ఎవరికీ కనబడరు, ఆయనకి ఎవరూ కనబడకూడదు. పొద్దున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి ఆయన చిన్న ఇత్తడి గంట చేత్తో పట్టుకుని తోటలో నడుస్తారు. మలుపు మలుపుకీ గంట ఆడిస్తారు. అది వినబడిందా, ఎంతటి పనైనా అక్కడ పడేసి పొదగోడ వెనక్కి పరిగెత్తాలి. ఆ గోడ మనిషి చేతులు చాచినంత మందం. దాని వెనకవైపు అక్కడక్కడా, మనిషి ముడుచుకుని కూర్చునేలా, సగం మందం దాకా గూళ్ళు తొలిచి ఉంటాయి. మేడమీద నుంచి చూసినా కనబడకూడదు కదా మరి. గూట్లోకి దూరి, మొహం ఆకుల్లోకి పెట్టి, దానిమీద తుండు కప్పుకోవాలి. గంట తమను దాటి, దూరమై, చెవికి అందకుండా పోయేదాకా లేవకూడదు. లేచినవాడికి మర్నాడు గేటు తెరుచుకోదు. అలా పోయినవాళ్ళు ఉన్నారు గనక, ఉన్నవాళ్ళకి ఆకుల్లో మొహం పెట్టడం బాగా వంటబట్టింది.

పొగరన్నారు కొందరు. పిచ్చన్నారు ఎక్కువమంది. కోటలో వంట చేసే వంటావిడ ఒక్కతే, "అదేం కాదు, ఆయనకి మనుషులంటే బిడియం. ఎవరైనా చూస్తే నోరు పెగలదు పాపం. నాతో కూడా తలుపు వెనకనుంచే మాట్లాడతారు" అనేది. ఇంత ఆస్తి ఉన్నవాడికి బిడియమేమిటని అందరూ ఆవిణ్ణే చూసి నవ్వేవారు.

గూళ్ళు తొలిచింది కత్తెరయ్యే. ఎవరి ఒంటికి తగ్గట్టు వారికి, దర్జీ చొక్కా కుట్టినట్టు కొలత తీసి మరీ తొలిచాడు. అందుకే ఏ లోటొచ్చినా అతన్నే అడుగుతారు.

"అన్నా, నా గూడు ఇరుకైపోయింది. నాలుగు కొమ్మలు తీసెయ్యి" అంది చీపురమ్మ, దారి ఊడుస్తూ ఊడుస్తూ అతని పక్కన ఆగి.

"పోయిన వారమే చూశాను చెల్లీ. కొమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నువ్వే కాస్త..."

"నేనేంటి? చెప్పు, ఆగిపోయావేం?"

"ఏం లేదులే. కత్తిరిస్తాను."

చీపురమ్మ చీపురు చంకలో పెట్టుకుని అతని మొహంలోకి చూసింది. "అల్లుడొచ్చిన ఇంటాయనలా లేవు. మొహం వేలాడేసుకున్నావు. ఏమైంది?"

కత్తెరయ్య మళ్ళీ కత్తెర ఆడించాడు. ఏం చెబుతాడు? నిన్న జరిగింది నోటితో చెప్పుకునేది కాదు.

అల్లుడికి గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది. మెత్తగా మాట్లాడతాడు, మనిషిని చూస్తూ మాట్లాడతాడు. సంబంధం కుదిరేటప్పుడు కత్తెరయ్య వియ్యంకుడితో "తోటంతా నా చేతికిందే ఉంటుందండీ" అన్నాడు. అబద్ధం కాదు. ఆకుల మీద చెయ్యి పెట్టి నిమిరేది అతనే. కానీ విన్నవాళ్ళు ఎలా అర్థం చేసుకున్నారో అతనికి తెలుసు, తెలిసీ సరిదిద్దలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి కూతురూ అల్లుడూ వచ్చారు. "మీ తోట చూపించండి మావయ్యగారూ" అని అల్లుడే అడిగాడు.

దొరగారి పొద్దుటి నడక అయిపోయిందని రూఢి చేసుకునే తీసుకెళ్ళాడు. గోడలు చూపించాడు, వీపులు తిప్పుకున్న విగ్రహాలు చూపించాడు. అల్లుడు పొదగోడ మీద అరచెయ్యి పెట్టి నిమిరి "బల్లచెక్కలా ఉంది" అన్నాడు. కత్తెరయ్య ఛాతీ పొంగింది. జన్మలో అంత బిగ్గరగా ఆ తోటలో మాట్లాడి ఉండడు. సరిగ్గా అప్పుడు, వేళగాని వేళ, గంట మోగింది.

ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఏమన్నా వేరేగా జరిగేదేమో. అల్లుడి కొత్త చొక్కా కాలరు పట్టుకుని బరబరా ఈడ్చుకుపోయి, ఒక్కమనిషి పట్టే గూట్లో తనతోపాటు అతన్నీ కుక్కాడు. ఉన్నది ఒక్క తుండు. సగం తన మొహం మీద, సగం అల్లుడి మొహం మీద కప్పాడు. మామా అల్లుళ్ళు మోకాలికి మోకాలు ఆనించుకుని, ఒకరి ఊపిరి ఒకరికి తగులుతుండగా, కోళ్ళు దొంగిలించి పట్టుబడబోతున్న వాళ్ళలా కూర్చున్నారు. గంట దూరమయ్యాక బయటికొచ్చి, అల్లుడు నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. మోకాళ్ళ మట్టి దులుపుకుని "చాలా బాగా కత్తిరించారు మావయ్యగారూ" అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం అడిగాడు, వెక్కిరింపుగా కాదు, జబ్బుమనిషిని అడిగినట్టు: "రోజూ ఇలాగేనా మావయ్యగారూ?" కూతురు మంచినీళ్ళు తెస్తానని లేచింది. మంచినీళ్ళు అక్కడే ఉన్నాయి.

తల కొట్టేసినట్టయింది కత్తెరయ్యకి. రాత్రంతా ఆ ప్రశ్నే. తెల్లవారుతుండగా భార్యతో అన్నాడు.

"ఈరోజు గంట మోగినా కదలను. దారిమీదే నిలబడతాను. పోతే పోనీ ఉద్యోగం."

ఆవిడ పొయ్యి దగ్గరనుంచి తల తిప్పలేదు. "నువ్వా? నిద్రలో ఎక్కడన్నా గంట మోగినా మోకాళ్ళు ముడుచుకుంటావు. పక్కన పడుకునేదాన్ని, నాకు తెలీదా?"

"చూస్తూ ఉండు. సాయంత్రం బస్సుకి ముందు అల్లుడితో నేనే చెబుతాను, నిలబడ్డానని."

"నిలబడితే రేపు తినేదేంటి?" అంది. కాసేపటికి, గొంతు తగ్గించి, "సరే, నిలబడు. నువ్వు నిలబడితే ఎలా ఉంటావో నాకూ చూడాలనుంది" అంది.

ఆ మాట మోసుకునే పనిలోకి వచ్చాడు. కానీ పొద్దుటి గంట మోగలేదు. ఎండ పొదగోడ మీదికెక్కింది, మంచు ఆరింది, గంట లేదు. నిలబడటానికి సిద్ధంగా ఉన్న మనిషికి ఎదురుచూడటం కష్టం. ఒక విగ్రహం వీపు ముందు నిలబడి, తుండు భుజాన సర్దుకుని, "నమస్కారమండీ. పొదలు కత్తిరిస్తున్నానండీ" అని అని చూసుకున్నాడు. గొంతు కీచుగా వచ్చింది. మళ్ళీ అన్నాడు. ఈసారి మరీ అధికారం చేసినట్టొచ్చింది. వెనక నుంచి చీపురమ్మ పకపకా నవ్వింది.

ఇక దాచి లాభం లేదు. చెప్పేశాడు. చీపురమ్మ ముందు నవ్వింది, తర్వాత నవ్వు ఆపింది.

"నాతో అన్నావు గానీ ఇంకెవరితోనూ అనకు. గోడలకి చెవులుంటాయంటారు. నీ గోడల్లో మనుషులే ఉంటారు."

మధ్యాహ్నం వంటావిడ వెనకదారిలోకి టీ పట్టుకొచ్చింది. గ్లాసులు అందిస్తూ "ఈరోజు నడకకి రారేమో. రాత్రి నిద్ర పట్టలేదట. తల దిమ్ముగా ఉందని, కాఫీ కూడా వద్దన్నారు" అంది.

"రాకపోవడమేంటి? రావాలి" అన్నాడు కత్తెరయ్య.

"ఎన్నడూ లేనిది నువ్వెందుకు ఎదురుచూస్తున్నావు ఆయన కోసం?"

కత్తెరయ్య టీ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు తిరిగిచ్చాడు. ఆయనకి ఒంట్లో బాలేదన్న మాట ఒక చెవిలోంచి దూరి రెండో చెవిలోంచి పోయింది. తన రోజు వృథా అయిపోతుందేమోనన్న దిగులే మిగిలింది.

నిజం చెప్పుకోవాలంటే ఆ గూడంటే అతనికి ద్వేషం లేదు. అదే అసలు సిగ్గు. అతని బతుకులో చెప్పుకోదగ్గవన్నీ అందులోనే జరిగాయి. కూతురు పుట్టిందన్న కబురు గూట్లోనే విన్నాడు. కబురు తెచ్చిన మనిషి కూడా గంటకు దొరికిపోయి పక్క గూట్లో కూర్చుని "ఆడపిల్ల, తల్లీపిల్లా బాగున్నారు" అని ఆకుల్లోంచి గుసగుసగా చెప్పాడు. సంతోషంతో గట్టిగా అరవాలనిపించి తుండు నోట్లో కుక్కుకున్నాడు. తండ్రి పోయినప్పుడు ఎవరూ చూడకుండా ఏడ్చింది అందులోనే. వేసవిలో చల్లగా ఉండేది. గంట మోగిందంటే కాసేపు ఎవరూ ఏమీ అనని విశ్రాంతి. మొహం కప్పుకుంటే లోకానికీ తనకీ సంబంధం లేదు. దాక్కోమన్నది దొరగారే అయినా, దాక్కోవడంలోని సుఖం మాత్రం అతనిదే. నిన్న అల్లుడి పక్కన కూర్చున్నప్పుడు కూడా, ఒక్క క్షణం, హాయిగానే ఉంది. అది తలుచుకుంటే చెంపలు మండాయి.

పొద్దు వాలింది. పెద్దదారిలో కొలనువైపు గోడ మీద చివరి బారు కత్తిరిస్తున్నాడు. గోడ పక్క కూడా నున్నగా చెక్కేశాడు, ఒక్క ఆకు బయటికి లేదు. చీపురమ్మ కాస్త దూరంలో కుప్పలు చేస్తోంది. ఇంకాసేపట్లో అల్లుడూ కూతురూ సంచులతో గేటు దగ్గరికొస్తారు, బస్సు అక్కడే ఆగుతుంది.

గంట మోగింది.

మలుపు అవతల, దగ్గర్లోనే. చీపురమ్మ చీపురు పడేసి పరిగెత్తింది. పరిగెడుతూ ఒకసారి వెనక్కి తిరిగి అతన్ని చూసింది. కత్తెరయ్య దారిమధ్య నిలబడ్డాడు. నిజంగానే నిలబడ్డాడు. నమస్కారమండీ, అనుకున్నాడు. రెండోసారి గంట మోగింది, మలుపుకి ఇంకా దగ్గరగా. చెప్పుల చప్పుడు కూడా వినబడింది, ఈడుస్తున్నట్టు.

తర్వాత ఏం జరిగిందో అతనికి సరిగ్గా తెలియదు. కత్తెర దారిమీద పడిన చప్పుడు విన్నాడు. మరుక్షణం గూట్లో ఉన్నాడు, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, మొహం మీద తుండుతో. ఎవరూ ఈడ్చుకురాలేదు. కాళ్ళే తెచ్చాయి.

ఏడుపొచ్చింది. అల్లుడి మొహం, భార్య మాట, విగ్రహం వీపు ముందు తను చెప్పుకున్న నమస్కారం, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఛీ, ఇదొక బతుకా అనుకున్నాడు. గంట దాటిపోతే లేచి, మొహం కడుక్కుని, అల్లుడితో ఏదో ఒకటి చెప్పాలి.

గంట దాటిపోలేదు. గోడకి అవతలే మోగుతోంది. ఆగకుండా మోగుతోంది.

ఎప్పుడూ అలా లేదు. మలుపు దగ్గర రెండుసార్లు ఆడించి నడిచిపోతారు, అంతే. ఇప్పుడు ఒకేచోట, గలగలా, ఊపిరాడనట్టు మోగుతోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కత్తెరయ్యకి తట్టింది ఒక్కటే: నా సంగతి తెలిసిపోయింది. ఎవరో చెప్పేశారు. దారిలో కత్తెర కూడా కనబడింది. ఇక్కడే ఉన్నాడని తెలిసే, నిలబడి మరీ మోగిస్తున్నాడు. దమ్ముంటే లేవమంటున్నాడు.

కోపం వచ్చింది. ఆ కోపం ఎంత హాయిగా ఉందో! సిగ్గంతా దాంట్లో కొట్టుకుపోయింది. కొట్టుకో, ఎంతసేపు కొట్టుకుంటావో కొట్టుకో. దాక్కోమన్నది నువ్వేగా, దాక్కున్నాను. నువ్వు పిలిచినా లేవను, అనుకున్నాడు. తుండు ఇంకా బిగించుకున్నాడు.

గంట తీరు మారింది. కాసేపు మోగి, కాసేపు ఆగి, మళ్ళీ ఒకటి. పక్క గూట్లోంచి చీపురమ్మ గుసగుసలాడింది.

"అన్నా, ఏంటిది? ఆగట్లేదు. ఏదో అయింది. లేచి చూద్దామా?"

ఆవిడ లేవబోతున్న కొమ్మల చప్పుడు వినబడింది.

"కూర్చో" అన్నాడు కత్తెరయ్య. "పిచ్చి ముదిరింది, అంతే. లేచావంటే రేపు నీకూ నాకూ గేటు తియ్యరు. కూర్చో."

ఆవిడ కూర్చుంది. కత్తెరయ్య మాటంటే తోటలో అందరికీ గురి.

అతని ఎదురుగా ఆకుల్లో ఏదో కదిలింది. ఉడతలు అప్పుడప్పుడూ అలాగే వస్తాయి. "ఉష్" అన్నాడు తుండులోంచే. కదలిక ఆగింది. గంట ఇంకొక్కసారి, నేలకి తగిలినట్టు టక్కుమని మోగి, ఊరుకుంది.

అయినా లేవలేదు. దొరగారు చప్పుడు చెయ్యకుండా దారి పక్క రాతి బల్ల మీద కూర్చున్నారేమో. తోటలో ఉన్నవాళ్ళంతా ఎవరి గూట్లో వాళ్ళు కుక్కిన పేనుల్లా ఉన్నారు. ఆకుల నీడలు పొడుగయ్యాయి. చివరికి కోట వైపునుంచి వంటావిడ కేకలేస్తూ వచ్చింది, "అయ్యగారూ, అయ్యగారూ" అని. ఆవిడ కేక మధ్యలో తెగిపోయి ఏడుపైంది. అప్పుడు లేచారు అందరూ.

దొరగారు పొదగోడ మొదలు దగ్గర ఒక పక్కకు ఒరిగి పడి ఉన్నారు. మోకాళ్ళ దగ్గర పంట్లాం మట్టి అయింది. గంట కుడిచేతి వేళ్ళలో ఇరుక్కుని ఉంది. నోరు ఒక పక్కకు లాగేసింది. కత్తెరయ్య ఆ మొహాన్ని మొదటిసారి చూశాడు. ఇన్నేళ్ళూ ఎలాంటి మొహం ఊహించుకున్నాడో గానీ ఇది కాదు. ఎక్కడో బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన ముసలాయన మొహంలా ఉంది. గడ్డం గీసుకున్నప్పుడు తెగినచోట దూది ముక్క అంటుకుని ఉంది. ముక్కుకి రెండు పక్కలా ఎర్రగా నొక్కులున్నాయి. ఎవరినీ బెదిరించగల మొహం కాదు.

కోట లెక్కలు చూసే మేనేజరు వచ్చాడు, డాక్టరు కారులో వచ్చాడు. గేటు దగ్గర ఎదురుచూస్తున్న అల్లుడూ కూతురూ గోల విని లోపలికొచ్చి, పనివాళ్ళ వెనక నిలబడ్డారు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, ప్రాణం లేదని తల అడ్డంగా ఊపి లేచాడు.

"పక్షవాతం. నోరు పడిపోయింది, కేక వెయ్యలేకపోయి ఉంటారు. కానీ కాసేపు తెలివిలోనే ఉన్నారు, గంట మోగించే ఉంటారు. ఎవరికీ వినబడలేదా?"

"అందరూ దూరంగా పనిలో ఉన్నారండి" అన్నాడు మేనేజరు, అడిగీ అడగ్గానే.

పనివాళ్ళంతా నేలవైపు చూశారు. చీపురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కత్తెరయ్య వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో అతనికి తెలుస్తోంది. మేనేజరు మాటే చాలు. అందులో దూరి కూర్చోవచ్చు. అందరికీ చోటుంది.

"విన్నామండి" అన్నాడు కత్తెరయ్య.

గొంతు కీచుగానే వచ్చింది. డాక్టరు అతని వైపు తిరిగాడు. "విన్నారా? విని?"

"దాక్కున్నామండి."

"దాక్కోవడమేమిటి?"

"గంట మోగితే దాక్కోవాలండి. అది ఇక్కడ రివాజు." డాక్టరు ఏమీ అర్థం కానట్టు చూశాడు. కత్తెరయ్య ఆపలేదు. "ఈవిడ లేవబోయిందండి. నేనే కూర్చోమన్నాను. నా మాట వినే కూర్చుంది. దీంట్లో ఆవిడ తప్పు లేదు."

ఒక్కరు తిట్టినా బాగుండేది. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "వెంటనే నన్ను పిలిచి ఉంటే బతికేవారా అంటే నేనూ చెప్పలేను" అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు. దొరగారిని ఆకులు మోసే బండి మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, కోటలోకి తీసుకెళ్ళారు. దారిపొడవునా పనివాళ్ళు రెండువైపులా నిలబడ్డారు. ఆయన ఆ దారిలో మనుషుల మధ్యనుంచి వెళ్ళడం అదే మొదలు. కత్తెరయ్య కూడా నిలబడ్డాడు. ఇప్పుడు నిలబడటం ఎంత తేలికో చూసి అతనికి తన కాళ్ళ మీదే అసహ్యం వేసింది.

వాళ్ళు గేటు దగ్గరికి చేరేసరికి బస్సు రోడ్డు మలుపు తిరిగి వస్తోంది. కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని, ఏమనాలో తెలియక, గోళ్ళలోని పసరును తన బొటనవేలితో రుద్దుతూ నిలబడింది. అల్లుడు సంచులు భుజానికి తగిలించుకున్నాడు. ఎక్కబోతూ ఆగాడు.

"నిన్న నేనూ లేవలేదు కదా మావయ్యగారూ" అన్నాడు, నేలవైపు చూస్తూ. "గంటెందుకు మోగుతోందని కూడా అడగలేదు. తుండు ఇస్తే కప్పుకున్నాను."

కత్తెరయ్య తల ఊపాడు. ఆ మాటతో సిగ్గు తగ్గలేదు. అది ఇద్దరికీ సరిపడా ఉందని తెలిసింది, అంతే. బస్సు వెళ్ళిపోయింది.

కత్తెర దారిమీదే ఉండిపోయిందని గుర్తొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. వెలుతురు ఇంకా కొంచెం మిగిలి ఉంది. తోటలో ఎవరూ లేరు. చీపురమ్మ కుప్పలు గాలికి విడిపోతున్నాయి. కత్తెర తీసుకుని, అలవాటు చొప్పున గోడని ఒకసారి చూశాడు. ఇందాక నున్నగా చెక్కిన పక్కలో ఒకచోట సొట్ట ఉంది. మోకాళ్ళ మీద ఉన్న మనిషి మొహం ఎత్తున, ఆకులు బలంగా లోపలికి నొక్కుకుపోయాయి. లేత కొమ్మలు విరిగి తెల్లగా కనబడుతున్నాయి. గోడకి అవతల, సరిగ్గా అక్కడ, ఎవరి గూడుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

కత్తెర కిందపెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సొట్టలోకి చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాకా పోయాక వేళ్ళకి చల్లగా తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఆకులు పక్కకి తప్పించి చూశాడు. విరిగిన కొమ్మకి చెవికాడ ఒకటి తగులుకుని దొరగారి కళ్ళజోడు వేలాడుతోంది, అద్దాలు రెండూ గూటివైపు తిరిగి ఉన్నాయి.